ఇంట్లో తుపాకి ఉందా? కాగితాలు ఒకసారి చూసుకోండి

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు కరువు భత్యం బకాయిల గురించో, ఆరోగ్య కార్డుల గురించో చెబుతానని మీరు అనుకొని ఉంటారు. ఆ విషయాల్లో నాకంటే సమర్థులు ఈ వేదిక మీదనే ఉన్నారు. నేను రెవెన్యూ శాఖలో చేసిన సర్వీసులో ఎక్కువ భాగం మెజిస్టీరియల్ సెక్షనులో గడిచింది. ఆయుధ లైసెన్సుల ఫైళ్లు నా టేబులు మీదుగానే నడిచేవి. రిటైరై ఇన్నేళ్లయినా ఎవరో ఒకరు ఇంటికి వచ్చి, "అయ్యా, మా నాయన తుపాకి ఒకటి ఉంది, ఏం చేయమంటారు?" అని అడుగుతూనే ఉన్నారు. అందుకని ఈ రోజు ఆ సంగతే ఎత్తుకున్నాను.

పెన్షనర్లకు తుపాకులతో ఏం పని అని కొందరు నవ్వుతున్నారు. మన సభ్యుల్లోనే సైన్యంలో పనిచేసి వచ్చి, సొంత తుపాకితో బ్యాంకు గార్డుగా చేరినవారు ఉన్నారు. కరణం, మునసబు కుటుంబాలవారు ఉన్నారు. ఆ పదవులు 1984లో రద్దయ్యాయి గాని, ఆ ఇళ్లలోని డబుల్ బ్యారెల్ తుపాకులు రద్దు కాలేదు. కొండల వారన శెనక్కాయ చేలున్నవారు అడవిపందులకు భయపడి తీసుకున్న తుపాకులు ఉన్నాయి. ఉద్యోగం నుంచి మనం రిటైరయ్యాము. తుపాకి మాత్రం రిటైరు కాదు. దాని బాధ్యత మనం పోయేదాకా మన మీద, ఆ తరువాత మన ఇంట్లోవారి మీద ఉంటుంది.

చట్టం కొంచెం చరిత్ర

మన సీమకూ తుపాకులకూ పాత సంబంధం. 1800లో నైజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేసినప్పుడు ఇక్కడ సుమారు 80 మంది పాలెగాళ్లు ఉండేవారు. ప్రతివారికీ కోట, సాయుధులైన బంట్లు. 1800 నుంచి 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో శిస్తు సంగతి ఎంత చూశాడో, ఆ సాయుధ బలగాలను అణచే సంగతీ అంతే చూశాడు. ఆ తరువాత దేశమంతటికీ 1878లో లిట్టన్ ప్రభువు కాలంలో ఆయుధ చట్టం వచ్చింది. దొరలకు మినహాయింపు, మనవారికి లైసెన్సు. ఆ తేడా మీద జాతీయోద్యమం ఎంతో పోరాడింది. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా పౌరుల హక్కుల పట్టికలో చేరింది. అయితే 1950లో వచ్చిన రాజ్యాంగంలో ఆ హక్కు లేదు. సభ జరుపుకునే హక్కు ఉంది, అదీ శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా.

స్వతంత్రం వచ్చాక చేసిన ఆయుధ చట్టం 1959 నాటిది. అమలుకు వచ్చింది 1-10-1962న. దాని కింద మొదట 1962 నాటి నిబంధనలు ఉండేవి. వాటి స్థానంలో 2016లో కొత్త నిబంధనలు వచ్చాయి. చట్టానికే పెద్ద సవరణ 14-12-2019 నుంచి అమలుకు వచ్చింది. మనలో చాలామందికి తెలిసింది పాత చట్టం. చిక్కు అక్కడే వస్తున్నది.

ఇరవై అంగుళాల లెక్క

ఇక అసలు విషయానికి వస్తాను. గొట్టం పొడవు.

చట్టంలోని 13వ సెక్షను ప్రకారం లైసెన్సుకు దరఖాస్తు చేస్తే పోలీసు నివేదిక తెప్పించుకొని లైసెన్సు అధికారి నిర్ణయిస్తారు. అందులో ఒక సౌలభ్యం ఉంది. లోపల గాడులు లేని నున్నటి గొట్టం ఉండి, ఆ గొట్టం 20 అంగుళాలకు తక్కువ కాకుండా ఉన్న తుపాకిని ఆత్మరక్షణకో, క్రీడకో ఒక భారత పౌరుడు అడిగితే, నిరాకరించడానికి చట్టం చెప్పిన కారణాలు లేనప్పుడు లైసెన్సు ఇవ్వవలసి ఉంటుంది. పంట కాపలాకు మూతి నుంచి మందు కూరే తుపాకి అడిగినా అంతే. రివాల్వరు, పిస్తోలు వంటివాటికి మాత్రం "తగిన కారణం" ఉందని అధికారికి నమ్మకం కలగాలి. గొట్టం 20 అంగుళాలకు తగ్గిన తుపాకికీ మొదట చెప్పిన సౌలభ్యం వర్తించదు.

ఎందుకీ ఇరవై అంగుళాలు? పొడుగు తుపాకిని దాచలేరు. భుజాన వేసుకొని బజారులో నడిస్తే ఊరంతా చూస్తుంది. అదే పొట్టిదైతే తుండుగుడ్డ కిందో, సంచిలోనో ఇమిడిపోతుంది. నలుగురికీ కనబడే తుపాకి కాపలాకు, కనబడని తుపాకి నేరానికి అన్నది చట్టం ఉద్దేశం. ఈ ఆలోచన మనదొక్కటే కాదు. అమెరికాలో 1934 నాటి జాతీయ చట్టం ప్రకారం షాట్‌గన్ గొట్టం 18 అంగుళాలకు తగ్గినా, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గినా ప్రభుత్వం దగ్గర ప్రత్యేకంగా నమోదు చేయించాలి. అప్పుడు విధించిన 200 డాలర్ల పన్నును 2025లో చేసిన చట్టం ద్వారా పొట్టి షాట్‌గన్లకు 1-1-2026 నుంచి సున్నా చేశారు. నమోదు మాత్రం అట్లాగే ఉంచారు. ఇంగ్లండులో హద్దు 24 అంగుళాలు.

ఇప్పుడు ఒక మాట జాగ్రత్తగా వినండి. మన ఇళ్లలోని పన్నెండు బోరు తుపాకుల గొట్టం మామూలుగా 28, 30 అంగుళాలు ఉంటుంది. ఒకాయన నాతో ఇట్లా వాదించాడు: "సార్, నా గొట్టం మూతి దగ్గర దెబ్బతింది. నాలుగు అంగుళాలు కోయించినా ఇంకా 24 ఉంటుంది. ఇరవైకి పైనే కదా, తప్పేముంది?"

తప్పుంది. 20 అంగుళాలన్నది లైసెన్సు మంజూరు చేసే సెక్షనులోని కొలత. గొట్టం కోయడం గురించి చెప్పేది వేరే సెక్షను, 6వది. అందులో అంగుళాల లెక్క లేదు. అందుకోసం ప్రత్యేకంగా లైసెన్సు ఉంటే తప్ప ఎవరూ తుపాకి గొట్టాన్ని పొట్టి చేయరాదు, అంతే. నాలుగు అంగుళాలు కోసినా పొట్టి చేసినట్టే. తుపాకి ఉంచుకోవడానికి మీకున్న లైసెన్సు గొట్టం కోయడానికి లైసెన్సు కాదు. బొమ్మ తుపాకిని నిజం తుపాకిగా మార్చడం కూడా ఈ సెక్షనులోనే నిషిద్ధం. ఒక తరగతి తుపాకిని మరొక తరగతిగా మార్చడాన్ని 2019 సవరణలో చేర్చారు.

శిక్ష ఎంతో తెలుసా? పాత చట్టంలో మూడేళ్ల నుంచి ఏడేళ్లు. 2019 సవరణ తరువాత ఏడేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా, జరిమానా అదనం. మళ్లీ చెబుతున్నాను, ఏడేళ్లు గరిష్ఠం కాదు, కనిష్ఠం.

లేతు షాపువాని మీద దయ ఉంచండి

మన ఊళ్లలో ఏది పాడైనా కమ్మరి కొలిమికో, వెల్డింగు షాపుకో, లేతు మిషను షాపుకో తీసుకుపోతాము. బోరు మోటారు బాగుచేసే పిల్లవాడు తుపాకి గొర్రం కూడా బాగుచేయగలడు. చేతిపని తెలిసినవాడు. అయితే 5వ సెక్షను ప్రకారం తుపాకిని తయారు చేయడానికే కాదు, అమ్మడానికి, మార్చడానికి, మరమ్మతు చేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. అది లేకుండా చేస్తే పైన చెప్పిన శిక్షే, ఏడేళ్లకు తగ్గకుండా. పెద్దాయన చెప్పాడు గదా అని మొహమాటానికి రెండు వందల రూపాయల పని చేసిపెట్టిన పిల్లవాని జీవితం పాడవుతుంది. తుపాకి మరమ్మతుకు లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరికే వెళ్లండి. ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ వేసిన రసీదు తీసుకోండి.

తుపాకి మీది నంబరు, గుర్తులు కూడా ముట్టుకోకూడదు. తుప్పు పట్టిందని ఉప్పుకాగితం పెట్టి రుద్దేటప్పుడు చూసుకోండి. నంబరు చెరిపివేయడం, మార్చడం 8వ సెక్షను కింద నేరం. చెరిగిన తుపాకి మీ దగ్గర దొరికితే మీరే చెరిపారని మొదట అనుకుంటారు. కాదని రుజువు చేసుకునే భారం మీదే.

ఆయన పోయారు, తుపాకి మిగిలింది

ఇది మన కుటుంబాలవారు అందరికంటే ఎక్కువగా వినవలసిన భాగం. ముఖ్యంగా అమ్మలు.

ఇంటి పెద్ద కాలం చేశాడు. ఫ్యామిలీ పెన్షను కాగితాలు, బ్యాంకు పాసుబుక్కు, ఇంటి పన్ను రసీదు అన్నీ వెతుకుతారు. బీరువా వెనకాల గుడ్డ చుట్టిన తుపాకి ఎవరికీ గుర్తుండదు. లైసెన్సు ఆయన పేరు మీద ఉంది. ఆయనతోనే అది పోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో లైసెన్సు లేని తుపాకి ఉన్నట్టు లెక్క. లైసెన్సు లేకుండా తుపాకి దగ్గర ఉంచుకుంటే ఇప్పుడు శిక్ష రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల దాకా. లోగడ ఒకటి నుంచి మూడేళ్లు ఉండేది.

భయపడవద్దు. చట్టం దారి కూడా చూపింది. 21వ సెక్షను ప్రకారం, ఏ కారణం చేతనైనా తుపాకి ఉంచుకునే అర్హత పోయినప్పుడు అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషనులోనో, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరో దాన్ని డిపాజిట్ చేయాలి. తూటాలు కూడా. రసీదు తప్పక తీసుకోవాలి. డిపాజిట్ చేసినంత మాత్రాన తుపాకి సర్కారుదై పోదు. నిర్ణీత గడువులోగా కుటుంబంలో ఎవరైనా లైసెన్సు తెచ్చుకొని వెనక్కి తీసుకోవచ్చు. అక్కరలేదనుకుంటే అర్హత ఉన్నవారికి అమ్మించి ఆ డబ్బు తీసుకోవచ్చు. గడువు దాటిపోనిస్తే మాత్రం జప్తు అవుతుంది.

అంతకంటే మంచి మార్గం బతికి ఉండగానే సర్దుకోవడం. 2016 నిబంధనల్లో 25వ నిబంధన మన కోసమే రాసినట్టుంది. లైసెన్సుదారునికి 70 ఏళ్లు నిండినా, లేక ఆ తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, ఏది ముందైతే అది, ఆయన బతికి ఉండగానే చట్టబద్ధ వారసులలో ఒకరికి లైసెన్సు మంజూరు చేసే వీలుంది. వారసుడు తన పేరు మీద దరఖాస్తు చేసుకోవాలి. పోలీసు విచారణ, వైద్య ధృవపత్రం మామూలే. వయసు 21 నిండి ఉండాలి. మంజూరు చేయడం అధికారి విచక్షణ. ఇక్కడున్నవారిలో 70 దాటనివారు ఎందరున్నారో చేతులెత్తండి! చూశారా, మనలో ముప్పాతిక మందికి ఈ నిబంధన వర్తిస్తుంది.

పిల్లలు బెంగళూరులోనో, అమెరికాలోనో ఉండి తుపాకి మాకెందుకు నాన్నా అంటే పట్టుబట్టకండి. తాతగారి గుర్తు అంటూ వాళ్ల మెడకు కట్టవద్దు. గుర్తుకు ఫోటో చాలు. తుపాకిని చట్టప్రకారం అమ్మివేయండి. అమెరికాలో ఉన్న పిల్లల సంగతి వచ్చింది గనుక ఒక మాట. అక్కడ అందరికీ తుపాకులుంటాయి గదా అని మనం అనుకుంటాము. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి కలిగి ఉండటం అక్కడి కేంద్ర చట్టం కింద నేరం. స్నేహితులు చెప్పారని కొనవద్దని మీ పిల్లలకు ఫోనులో చెప్పండి.

మరికొన్ని ముఖ్య విషయాలు

ఒకటి, సంఖ్య. లోగడ ఒకరికి మూడు తుపాకుల దాకా ఉండవచ్చు. 2019 సవరణతో రెండుకు తగ్గించారు. వారసత్వంగా వచ్చినా రెండే. మూడోదాన్ని ఏడాదిలోగా డిపాజిట్ చేయమన్నారు. ఆ ఏడాది 2020 డిసెంబరుతోనే ముగిసింది. ఇంకా మూడోది ఇంట్లో ఉంటే వెంటనే వకీలు సలహా తీసుకొని అప్పగించండి.

రెండు, గడువు. లైసెన్సు కాలం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. కాలం పెరిగేసరికి మరపు కూడా పెరిగింది. లైఫ్ సర్టిఫికెట్ ఏటా ఇస్తాము కాబట్టి గుర్తుంటుంది. ఐదేళ్లకొకసారి వచ్చేది గుర్తుండదు. పెన్షను పుస్తకం మొదటి పేజీలోనే లైసెన్సు ముగిసే తేదీ రాసి పెట్టుకోండి. జాతీయ డేటాబేసులో నమోదై యు.ఐ.ఎన్. నంబరు పడని లైసెన్సు చెల్లదు. మీ పుస్తకంలో ఆ నంబరు ఉన్నదీ లేనిదీ ఈ రాత్రికే చూడండి.

మూడు, కార్యాలయం. 4-4-2022 నుంచి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. పాత లైసెన్సు పుస్తకం మీద అనంతపురం కలెక్టరు ముద్ర ఉంటుంది. ఇప్పుడు మనకు లైసెన్సు అధికారి పుట్టపర్తిలోని కలెక్టరుగారు. అనంతపురం బస్సెక్కి ఒక రోజు పాడుచేసుకోవద్దు.

నడవలేని వృద్ధులకు ఒక వెసులుబాటు చెబుతాను. 3వ సెక్షనులోనే ఉంది. రెన్యువలు కోసమో, మరమ్మతు కోసమో తుపాకిని లైసెన్సుదారుని సమక్షంలో గాని, ఆయన రాసి ఇచ్చిన అధికార పత్రంతో గాని మరొకరు తీసుకుపోవచ్చు. నోటిమాట చాలదు, రాసి సంతకం చేసి ఇవ్వాలి. ఆ మనిషికీ 21 ఏళ్లు నిండి ఉండాలి. ఇంటరు చదివే మనవని చేతికి ఇచ్చి పంపవద్దు.

నాలుగు, సరిహద్దు. ఇది హిందూపురం వారికి ప్రత్యేకం. రైలెక్కితే గౌరిబిదనూరు ఎంత సేపు? మనకు అది పక్క ఊరు, చట్టానికి అది పక్క రాష్ట్రం. లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే బెంగళూరులో సెక్యూరిటీ ఉద్యోగం దొరికిందని తుపాకి భుజాన వేసుకొని బయలుదేరకూడదు. కర్ణాటకలోనే కొడగులో కొందరికి లైసెన్సు అక్కరలేదట గదా అని అడుగుతారు. నిజమే. కొడవ జాతివారికి, జమ్మా భూములున్నవారికి బ్రిటిషు కాలం నుంచి మినహాయింపు ఉంది. కేంద్రం దాన్ని 2029 అక్టోబరు వరకు పొడిగించింది. అది వారికే, మనకు కాదు.

అయిదు, అడవిపందులు. పెనుకొండ కొండల పక్కన చేలున్నవారి బాధ నాకు తెలుసు. ఒక్క రాత్రిలో ఎకరా శెనక్కాయ తవ్వేస్తాయి. అయినా పంట కాపలాకు ఇచ్చిన తుపాకి లైసెన్సు జంతువును చంపడానికి అనుమతి కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది, వేరే చట్టం. దాని 11వ సెక్షను ప్రకారం అధికారం ఉన్న అటవీ అధికారి రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. ఎలుగుబంటి, నెమలి, కృష్ణజింక జోలికి పోతే ఇంకా ప్రమాదం.

ఆరు, ఎన్నికలు. ఎన్నికల ముందు తుపాకి డిపాజిట్ చేయమని నోటీసు వస్తే అవమానంగా భావించవద్దు. జిల్లాలో స్క్రీనింగు కమిటీ పరిశీలించి ఆ ఉత్తర్వులు ఇస్తారు. ఫలితాల తరువాత తిరిగి ఇస్తారు. రసీదు భద్రం.

ఏడు, పెళ్లిళ్లు, దసరా. ఆయుధపూజలో తుపాకికి పసుపు కుంకుమ పెట్టండి, టెంకాయ కొట్టండి. గాలిలోకి మాత్రం పేల్చవద్దు. సంబరాల కోసం పేల్చి ఇతరుల ప్రాణానికి అపాయం తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 2019లో కొత్తగా చేర్చారు.

సభ్యుల ప్రశ్నలు

చీటీల మీద రెండు ప్రశ్నలు వచ్చాయి. చూస్తాను.

"మా ముత్తాత కాలపు తుపాకి ఉంది. తుప్పు పట్టి పేలదు. దానికీ లైసెన్సు కావాలా?" పాతకాలపు ఆయుధాలకు 45వ సెక్షనులో మినహాయింపు ఉంది. అయితే బాగుచేసినా, చేయకపోయినా తుపాకిగా పనికిరానిదై ఉండాలి. ఇప్పుడు పేలదు అన్నంత మాత్రాన చాలదు. ఆ నిర్ణయం మీరు, నేను చేసేది కాదు. లైసెన్సు అధికారికి అర్జీ పెట్టి రాతపూర్వకంగా తేల్చుకోండి.

"లైసెన్సు అడిగితే నీకేం ఆస్తి ఉందని ఎవరైనా అనవచ్చునా?" అనకూడదు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణం మీద లైసెన్సు నిరాకరించరాదని 14వ సెక్షనులో స్పష్టంగా ఉంది. నిరాకరిస్తే కారణాలు రాయాలి. 18వ సెక్షను కింద అప్పీలు ఉంది. పెన్షను తప్ప ఏమీ లేని మనబోటి వారికి ఇది ధైర్యం ఇచ్చే మాట.

సభ్యులారా, ముప్పై, ముప్పై అయిదేళ్లు ఒక్క మచ్చ లేకుండా సర్వీసు చేసి, గౌరవంగా రిటైరైన మనుషులం మనం. ఒక పాత తుపాకి మూలంగా డెబ్బయ్యో ఏట పోలీసు స్టేషను బల్ల మీద కూర్చోవలసిన పరిస్థితి మనలో ఎవరికీ రాకూడదు. మన తదనంతరం మన ఇల్లాలికి అసలే రాకూడదు. గొట్టం కోయించకండి, నంబరు చెరపకండి, గడువు దాటనివ్వకండి, వారసుని సంగతి ఇప్పుడే తేల్చండి. తుపాకి ఎక్కడుందో, లైసెన్సు పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా చెప్పి ఉంచండి. ఎవరి ఫైలులోనైనా చిక్కు ఉంటే సమావేశం అయ్యాక నా దగ్గరికి రండి. కాగితాలు వెంట తెచ్చినవారివి ఇక్కడే చూసిపెడతాను. తుపాకులు మాత్రం తేవద్దు!